పెద్ద ట్రాలీకి ఏ ట్రాక్టరు? హెచ్‌పీ కంటే ముందు చూడాల్సినవి

దేశనూరు, సిరుగుప్ప చుట్టుపక్కల మన ఇళ్లలో కొత్త ట్రాక్టరు మాట వస్తే మొదట వినిపించేది హెచ్‌పీ లెక్క. 45 చాలా, 55 కావాలా, పక్క క్యాంపువాళ్లు ఏది తీసుకున్నారు? పెద్ద ట్రాలీ లాగడానికైతే ఈ ప్రశ్న మూడోదో నాలుగోదో కావాలని మా అభిప్రాయం. నిండు ట్రాలీని లాగడం దాదాపు అన్ని ట్రాక్టర్లకూ వస్తుంది. దాని బరువు మోయడం, దాన్ని ఆపడం మాత్రం అన్నింటికీ రాదు. ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే, ఇన్సూరెన్సు చేతికి అందకుండా పోయేదీ అక్కడే.

ముందు ఒక పేరు సంగతి. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాల్లో పెద్దవాళ్లు ట్రాక్టరు వెనక తగిలించేదాన్ని ఇప్పటికీ ట్రక్కు అంటారు. ఇక్కడ అందరి నోటా ట్రాలీ. ఆర్‌టీఓ కాగితాల్లో ట్రైలర్. ఈ వ్యాసంలో ట్రాలీ అనే రాస్తున్నాం.

మన నేల, మన లోడు

దేశనూరు కాలువ విజయనగర కాలంనాటిది. తుంగభద్ర డ్యాము వచ్చాక కుడి గట్టు దిగువ కాలువ నీళ్లు కూడా ఈ తాలూకాకు అందాయి. వరి పెరిగింది. చక్కెర ఫ్యాక్టరీ వచ్చాక చెరకు లోడు తోడైంది. కాబట్టి మన ట్రాక్టరు ఒకే రోజులో మూడు రకాల దారుల్లో నడవాలి: తడి ఆరని నల్లరేగడి మడి, ఎక్కుడు దిగుడు ఉన్న కాలువ కట్ట, లారీలు తిరిగే తారు రోడ్డు. కంపెనీ కాగితంలో రాసిన సామర్థ్యం ఈ మూడింటిలో ఏ దారికి అని అడిగితే చాలామంది డీలర్ల దగ్గర జవాబు ఉండదు.

లెక్క కోసం ఒక లోడు తీసుకుందాం. 75 కిలోల వడ్ల బస్తాలు 80 అంటే 6 టన్నులు. ఖాళీ ట్రాలీ ఒకటిన్నర టన్ను, ట్రాక్టరు 2 టన్నులు అనుకుంటే మొత్తం తొమ్మిదిన్నర టన్నులు. మంచి తారు రోడ్డు మీద చదునుగా ఉన్నచోట దీన్ని కదిలిస్తూ ఉంచడానికి బరువులో సుమారు 2 శాతం లాగుడు చాలు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో అది చక్రాల దగ్గర 15 హెచ్‌పీ లోపే. ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే ఎక్కుడులో, 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కినా 25 హెచ్‌పీ సరిపోతుంది. అంటే 45 హెచ్‌పీ ట్రాక్టరుకు ఇంజను శక్తి ఇంకా మిగిలే ఉంది.

మరి మడిలో ఎందుకు దిగబడుతుంది? ఇంజను చాలక కాదు, చక్రానికి పట్టు చాలక. తడి రేగడిలో లాగుడు బరువులో 12 శాతం దాకా పోవచ్చు. అంటే పై లోడుకు 1,100 కిలోలు దాటిన బలం కావాలి. రెండు టన్నుల ట్రాక్టరులో వెనక చక్రాల మీద ఉండేది సుమారు 1,300 కిలోలు. అలాంటి నేలలో అందులో నలభై శాతమే పట్టుగా మారుతుందనుకుంటే 520 కిలోలు. మిగతాదంతా చక్రం తిరుగుతూ గుంట తవ్వడమే. అక్కడ 55 హెచ్‌పీ పెడితే గుంట ఇంకాస్త తొందరగా పడుతుంది.

అనుభవమున్న డ్రైవర్లు కోత మిషను దగ్గర సగం లోడు ఎత్తుకుని రోడ్డు మీద రెండో సగం నింపుకోవడం ఊరికే కాదు. లోడు 3 టన్నులకు తగ్గిస్తే, రెండు చక్రాల ట్రాలీ అయితే, కావాల్సిన లాగుడూ దొరికే పట్టూ ఇంచుమించు సమానమవుతాయి. బండి బయటికి వస్తుంది.

కొక్కెం మీద ఎంత బరువు?

రెండు చక్రాల ట్రాలీ తన లోడులో కొంత భాగాన్ని ట్రాక్టరు కొక్కెం మీద పెడుతుంది. నాలుగు చక్రాల ట్రాలీ దాదాపు ఏమీ పెట్టదు, తన బరువు తానే మోసుకుంటుంది. రెండింటిలో ఏది మంచిదని మమ్మల్ని అడిగితే, మడిలోకి దిగేదైతే రెండు చక్రాలది, ఎప్పుడూ రోడ్డు మీదే తిరిగేదైతే బ్రేకులున్న నాలుగు చక్రాలది అంటాం. కొక్కెం మీది బరువు వెనక చక్రాలకు పట్టునిస్తుంది. అదే బరువు ముందు చక్రాలను పైకి లేపుతుంది. రెండూ కలిసే వస్తాయి, ఒకటి వద్దంటే కుదరదు.

పైన చెప్పిన 80 బస్తాల లోడులో కొక్కెం మీద 800 కిలోలు పడ్డాయనుకోండి. కొక్కెం వెనక ఇరుసుకు సుమారు 85 సెంటీమీటర్లు వెనకగా ఉంటుంది. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం సుమారు 2 మీటర్లు. ఆ లెక్కన ముందు చక్రాల మీద నుంచి 340 కిలోలు లేచిపోతాయి. మొదట 700 ఉంటే మిగిలేది 360. కాలువ కట్ట ఎక్కేటప్పుడు ట్రాలీ వెనక్కి గుంజడం వల్ల ఇంకో 130 కిలోల దాకా పోతుంది. మిగిలేది 230. స్టీరింగు మాట వినాలంటే ట్రాక్టరు బరువులో అయిదో వంతైనా, అంటే ఇక్కడ 400 కిలోలైనా, ముందు చక్రాల మీద ఉండాలన్నది పాత నియమం. 230 కిలోలతో ఎక్కుతున్న ట్రాక్టరు తిప్పినవైపు తిరగదు. గుంతలో చక్రం పడి డ్రైవరు క్లచ్ ఒక్కసారిగా వదిలితే ముందుభాగం లేచి వెనక్కి బోర్లా పడుతుంది. ఇదంతా రెండు సెకన్లలో అయిపోతుంది, దూకే వ్యవధి ఉండదు.

కాబట్టి ట్రాక్టరు కొనేటప్పుడు అడగాల్సిన మొదటి సంగతి దాని సొంత బరువు. రెండోది ఇరుసుల మధ్య దూరం. మూడోది ముందు బంపరుకు ఎన్ని కిలోల దిమ్మలు తగిలించవచ్చన్నది. ఈ మూడూ కంపెనీ కాగితంలో ఉంటాయి, ఎవరూ చదవరు. ఒకే 50 హెచ్‌పీ చెప్పుకునే రెండు మోడళ్లలో ఒకటి ఇంకోదానికంటే రెండు మూడు వందల కిలోలు బరువుండటం మామూలే. ట్రాలీ పనికి బరువైనదే మేలు. వెనక టైర్లలో ముప్పావు వంతు నీళ్లు నింపడం మంచి పద్ధతే, కానీ అది పట్టు కోసం. ముందుభాగం లేవకుండా కావాలంటే దిమ్మలు ముందే ఉండాలి.

ట్రాలీని ఎప్పుడూ కింది డ్రాబారుకే తగిలించాలి. పై లింకుకో, ఇరుసు కంటే ఎత్తున ఉన్న మరో చోటుకో తగిలిస్తే లాగుడు బలమంతా ముందుభాగాన్ని లేపడానికే పోతుంది.

కొక్కెం మీది బరువు తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు, రైస్ మిల్లు కాటా చాలు. ముందు ట్రాక్టరును ఒంటరిగా తూకం వేయండి. తర్వాత నిండు ట్రాలీ తగిలించి, ట్రాలీ చక్రాలు కాటా బయట ఉండేలా ట్రాక్టరును మాత్రమే కాటా మీద నిలపండి. రెండు తూకాల తేడాయే కొక్కెం బరువు. అదే ఊపులో ట్రాక్టరును కొంచెం వెనక్కి తీసి ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఇంకోసారి చూడండి. అయిదో వంతు లేకపోతే బస్తాలు కొన్ని వెనక్కి జరపండి. మరీ వెనక్కి జరిపితే ట్రాలీ ముందుభాగమే లేచి ట్రాక్టరు వెనకభాగాన్ని ఎత్తుతుంది, అది ఇంకా చెడ్డది. రోడ్డు మీద బండి పాములా ఊగుతుంటే లోడు వెనక్కి ఎక్కువైందని గుర్తు.

తొట్టి కొలత గురించి ఒక మాట. 12 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు పలకలున్న తొట్టిలో విడి వడ్లు పోస్తే అయిదున్నర టన్నుల చుట్టూ పడతాయి. అదే తొట్టిని అంచుదాకా ఇసుకతో నింపితే 15 టన్నులు. వడ్ల కోసం ఎత్తిన పలకలు ఇసుకకు పనికిరావు.

ఆపడం

ట్రాక్టరు బ్రేకు వెనక రెండు చక్రాలకే. ట్రాలీకి బ్రేకు లేకపోతే తొమ్మిదిన్నర టన్నులనూ ఆ రెండు చక్రాలే ఆపాలి. పొడి తారు మీద ఖాళీ ట్రాక్టరు 25 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే 6, 7 మీటర్లలో ఆగుతుంది. బ్రేకు లేని నాలుగు చక్రాల ట్రాలీ పై లోడుతో వెనక ఉంటే అదే ట్రాక్టరుకు 30 మీటర్లు కావాలి. ఇరవైకి ఒకటి చొప్పున దిగుడు ఉంటే 75 మీటర్లు. డ్రైవరు కాలు బ్రేకు మీదికి వచ్చేలోపు పోయే 7 మీటర్లు ఇందులో కలపలేదు. వాన పడ్డ రోజు సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే మేము ఇంకో పది హెచ్‌పీకి పెట్టే డబ్బు ట్రాలీ బ్రేకుకు పెట్టమంటాం. హైడ్రాలిక్ బ్రేకులు, గాలి బ్రేకులు రెండూ దొరుకుతాయి. ట్రాక్టరు కొనేటప్పుడే ట్రాలీ బ్రేకుకు కనెక్షను ఇచ్చే వసతి ఉందో లేదో అడగాలి, తర్వాత పెట్టించడం ఖర్చు. ఫోర్ వీల్ డ్రైవ్ మోడలుకు ఇక్కడ అదనపు లాభముంది. దాన్ని వేసి ఉంచినప్పుడు బ్రేకు ప్రభావం ముందు చక్రాలకూ అందుతుంది, ముందుభాగం బరువు కూడా ఎక్కువ. పొడి తారు మీద గంటల తరబడి వేసి నడిపితే మాత్రం టైర్లు అరిగిపోతాయి.

ఎడమ, కుడి బ్రేకు పెడళ్లు వేరుగా ఉండేది మడిలో మలుపు కోసం. రోడ్డెక్కే ముందు రెండింటినీ గొళ్లెం పెట్టి కలపాలి. కలపకుండా ఒక పెడలే నొక్కితే ట్రాక్టరు పక్కకు తిరిగి, వెనక నుంచి ట్రాలీ తోసి బోల్తా కొట్టిస్తుంది. దిగుడులో డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం కంటే ప్రమాదమైన పొదుపు లేదు. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి.

ఇప్పుడు హెచ్‌పీ సంగతి

50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ నాలుగో దశ కాలుష్య నిబంధనలు వచ్చాయి. దాంతో ఆ పైన ఇంజన్లలో ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థ, పొగను శుభ్రం చేసే అమరిక చేరాయి, ధర పెరిగింది. అందుకే 50కి కాస్త కిందుగా ఆగే మోడళ్లు మార్కెట్లో కనిపిస్తాయి. ట్రాలీ పనికి 49కీ 52కీ తేడా మీకు తెలియదు. టార్క్ ఎంత, అది ఎంత తక్కువ ఆర్‌పీఎంలో దొరుకుతుంది, గేర్లు ఎన్ని అన్నది తెలుస్తుంది. రోటావేటరు, దమ్ము పని కూడా అదే ట్రాక్టరుతో చేస్తారు కాబట్టి పీటీఓ హెచ్‌పీ ఎంతో విడిగా అడగండి. ఇంజను హెచ్‌పీ కంటే అది తక్కువ ఉంటుంది.

80 బస్తాల ట్రాలీకి మా సలహా: రెండు టన్నులు దాటిన బరువు, ఆయిల్ బ్రేకులు, ముందు దిమ్మలు, 45 నుంచి 50 హెచ్‌పీ. చెరకుకు రెండు ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి కట్టేవాళ్లకు మేము ఏ ట్రాక్టరూ చెప్పం. బ్రేకు లేని రెండో ట్రాలీని అదుపులో పెట్టే హెచ్‌పీ అంటూ లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ధర మాట్లాడేటప్పుడు ఆ తగ్గింపు బిల్లులో కనిపిస్తోందా, ‘యాక్సెసరీస్’ పేరుతో తిరిగి చేరిందా చూసుకోండి.

ట్రైలర్ లారీ ఆలోచన ఉన్నవాళ్లకు

కొన్ని ఇళ్లలో పిల్లలు వ్యవసాయం చాలు, ట్రైలర్ లారీ పెడదాం అంటున్నారు. ముందుండే బండిని, వెనక ట్రైలర్‌ను కలిపే గుండ్రటి ఇనుప పళ్లేన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. గుర్రపు బళ్ల కాలంలో ముందు ఇరుసు మీద అడ్డంగా ఉండి బండి మలుపుకు సాయపడిన చక్రం నుంచి ఆ పేరు వచ్చింది. ట్రైలర్ కిందికి దిగే కింగ్ పిన్ను ఇందులో ఇరుక్కుంటుంది. పిన్నులు 50 మిల్లీమీటర్లవి, 90 మిల్లీమీటర్లవి ఉంటాయి. పళ్లెం, పిన్ను ఒకే కొలత కావాలి. పాత ట్రైలర్ కొనేవాళ్లు ముందు ఇదే చూడాలి.

సూత్రం రెండు చక్రాల ట్రాలీదే. తేడా ఒక్కటే: పళ్లెం వెనక ఇరుసుకు వెనక కాదు, కొద్దిగా ముందు ఉంటుంది. అందుకని ట్రైలర్ బరువు ముందు చక్రాలను లేపదు, వాటి మీదా కొంత పడుతుంది. ట్రాక్టరు కొక్కెం 800 కిలోలకే ఇబ్బంది పెడితే లారీ 11 టన్నులు మోయగలగడానికి కారణాల్లో ఇదొకటి.

కానీ ఎంత మోయవచ్చన్నది ఇరుసు నిర్ణయిస్తుంది, ఇంజను కాదు. 2018 జులైలో కేంద్రం పెంచిన పరిమితుల ప్రకారం ముందు ఇరుసుకు 7 టన్నులు, నాలుగు టైర్ల వెనక ఇరుసుకు 11.5, జంట ఇరుసులకు 21, ట్రైలర్ మూడు ఇరుసులకు 27. ఒకే వెనక ఇరుసున్న ముందు బండి, మూడు ఇరుసుల ట్రైలర్ కలిస్తే మొత్తం 45.5 టన్నులు. జంట ఇరుసులదైతే 55. మోడలు పేర్లలోనే ఇది దాగి ఉంటుంది. టాటా సిగ్నా 5530 అంటే 55 టన్నులు, 300 హెచ్‌పీ. 45.5 టన్నుల బండిలో ముందు బండి సొంత బరువు 7 టన్నులైతే పిన్ను మీద 11.5 టన్నులకు మించి పడకూడదు. మొత్తం బరువు సరిగ్గా ఉన్నా లోడు ముందుకు జరిగితే వెనక ఇరుసు పరిమితి దాటుతుంది.

2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. అదనపు సరుకు దించే ఖర్చు కూడా యజమానిదే. కిరాయి గిట్టుబాటు లెక్క వేసేటప్పుడు పరిమితిలోపు లోడుతోనే వేయాలి. ఓవర్‌లోడు కలిపితేనే కిస్తీ తీరుతుందని తేలితే ఆ బండి కొనకూడదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడ ఇల్లులాంటి పెద్ద క్యాంపర్‌ను పికప్ ట్రక్కు తొట్టిలోని ఫిఫ్త్ వీల్‌కు తగిలిస్తారు. దాని బరువులో 15 నుంచి 25 శాతం పిన్ను మీద పడుతుంది. 7,000 కిలోల క్యాంపర్‌లో 20 శాతం అంటే 1,400 కిలోలు. ప్రకటనలో కనిపించే లాగుడు సామర్థ్యం పది టన్నులున్నా, డోరు దగ్గర అతికించిన స్టిక్కరులోని మోత బరువు 1,400 లేకపోతే ఆ ట్రక్కు దానికి చాలదు. మనుషులు, సామాను కూడా ఆ లెక్కలోకే వస్తారు.

మన దగ్గరికొస్తే, తోరణగల్లు ఉక్కు, గనుల సరుకు, సిరుగుప్ప మిల్లుల బియ్యం లాంటి ఏడాది పొడవునా దొరికే లోడు ముందే మాట్లాడుకున్నవాళ్లకే ట్రైలర్ లారీ పని. రెండు కోతల కాలం కోసం పొలం తాకట్టు పెట్టి తీసుకునేది కాదు.

కాగితాలు

వ్యవసాయ ట్రాక్టరు చట్టం దృష్టిలో నాన్-ట్రాన్స్‌పోర్టు బండి. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి, ఇన్సూరెన్సు పాలసీలో ట్రాలీ నంబరు కూడా రాయించాలి. ట్రాక్టరు లైసెన్సు ఉన్న డ్రైవరు ట్రాలీ తగిలించినంత మాత్రాన లైసెన్సు లేనివాడు కాడని సుప్రీంకోర్టు 2001లో నాగశెట్టి కేసులో చెప్పింది. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బళ్లకు ఎల్‌ఎంవీ లైసెన్సు సరిపోతుందని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. ట్రైలర్ లారీకి ఇది వర్తించదు, దానికి హెవీ లైసెన్సు కావాల్సిందే.

అసలు చిక్కు వాడకంలో వస్తుంది. వ్యవసాయానికి అని పాలసీ తీసుకుని ఇటుకలు, ఇసుక కిరాయికి తోలినా, జాతరకో పెళ్లికో ట్రాలీలో జనాన్ని ఎక్కించినా, మడ్‌గార్డు మీద ఒక్కరిని కూర్చోబెట్టినా కంపెనీ చెల్లించనంటుంది. ముందు బాధితులకు చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టు ఆదేశించినా, ఆ వసూలు చివరికి మీ ఇంటికే వస్తుంది. కూలీలను నాట్లకు తీసుకెళ్లే ఇళ్లు ఈ ఒక్క సంగతి మళ్లీ చదవాలి.

ఆదోని, ఆలూరు బంధువుల దగ్గర పాత ట్రాక్టరు తెచ్చుకోవడం మన ఇళ్లలో మామూలే. 1953లో తాలూకాలు విడిపోయినా చుట్టరికాలు విడిపోలేదు, కానీ రిజిస్ట్రేషన్లు వేరయ్యాయి. ఆంధ్ర నంబరు బండిని ఇక్కడ 12 నెలలు దాటి ఉంచితే బళ్లారి కేఏ-34 నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, పేరు మార్పుకు 29, 30 ఫారాలు కావాలి. బ్యాంకు అప్పు తీరి ఉంటే ఫారం 35 తప్పక తీసుకోండి. ఇది లేకపోతే బండి ఇంకా బ్యాంకు పేరు మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. ట్రాలీకి కూడా ఇవన్నీ విడిగా అడగాలి, మామూలుగా మరచిపోయేది దాన్నే.

అప్పు ఒప్పందం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. కిస్తీలు కోతల ప్రకారం ఆరు నెలలకొకటి ఉన్నాయా, నెలనెలా ఉన్నాయా అన్న పేజీ ఎవరిచేతనైనా చదివించుకుని సంతకం చేయండి. ట్రయల్‌కు ట్రాక్టరు ఇస్తే ఖాళీగా రోడ్డు మీద తిప్పి పంపకండి. మీ ట్రాలీ, మీ 80 బస్తాలు కట్టి, మీరు రోజూ దిగే కాలువ కట్ట మీద ఒకసారి దింపి ఆపి చూడండి.